భాగ్యమ్మ భారజలం

మూసాపేటలో మేముండే మేడకు రెండు రకాల నీళ్ళు వస్తాయి. బోరు నీళ్ళు ఎప్పుడు తిప్పినా వస్తాయి, ఆరాక గిన్నెల మీద తెల్లటి మచ్చలు మిగులుస్తాయి. మంజీరా నీళ్ళు రెండు రోజులకోసారి, పొద్దున్నే ఓ గంట వచ్చి పోతాయి. ఇప్పుడా పైపుల్లో పారేది చాలావరకు కృష్ణా గోదావరుల నీళ్ళేనని నగరంలో చాలామందికి తెలుసు. తెలిసినా పేరు మార్చరు. యాభై ఏళ్ళుగా ఊళ్ళు పట్టి తిరుగుతున్నాను గానీ, ఒక నది పేరు చెప్పుకుని ఇంకో రెండు నదుల నీళ్ళు తాగే ఊరిని ఇదొక్కదాన్నే చూశాను.

కింది వాటాలో ఉండే భాగ్యమ్మ నాకు పరిచయమైంది ఆ మంజీరా నల్లా దగ్గరే. ఆమె అంట్లన్నీ బోరు నీళ్ళతో తోమి కడుగుతుంది. చివర ఒక్కో గిన్నె మీదా చెంబుతో కాసిని మంజీరా నీళ్ళు తిప్పిపోసి బోర్లిస్తుంది. ఎందుకమ్మా ఈ శ్రమ అని అడిగాను.

"బోరు నీళ్ళతోని కడిగితె సగం కడిగినట్టు బాపూ. ఆఖరు కడుగుకు మంచినీళ్ళు తగలాలె. అప్పుడే గిన్నె తేటగుంటది," అంది.

ఆ మాట అప్పుడు వంటింటి ముచ్చటగానే విన్నాను. అదే మాట కొండాపూర్ అవతల ఒక రసాయన శాస్త్ర పరిశోధనాశాలను వారం రోజులు తలకిందులు చేస్తుందని ఎవరనుకుంటారు?

భాగ్యమ్మకు యాభై రెండేళ్ళు. పుట్టింది కొండాపూర్ దగ్గర బండల మధ్య. అక్కడ ఇప్పుడు ఏదో ఆఫీసు వాళ్ళ పార్కింగు. "నేను పుట్టిన అర్రల ఇప్పుడు కార్లు పండుకుంటున్నయ్," అని తనే చెప్పి తనే నవ్వుతుంది. భర్త చంద్రయ్య నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె కూలికి పోయిన చోటే అద్దాల మేడ లేచింది. లేచిన మేడలోనే తర్వాత నేల తుడిచే పని దొరికింది. ఎనిమిదో అంతస్తులో, కంప్యూటర్ల వాళ్ళ ఆఫీసులో తొమ్మిదేళ్ళు తుడిచింది. ఆ పని గురించి ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే. "ఎంత తుడిచినా ఎవ్వలు సూస్తరు బాపూ? తుడవనినాడే సూస్తరు."

అదే మేడలో నాలుగో అంతస్తులోకి మందుల పరిశోధన చేసే చిన్న కంపెనీ ఒకటి వచ్చింది. అక్కడ గాజుసామాను కడగడానికి మనిషి కావాలన్నారు. భాగ్యమ్మ వెళ్ళింది. మొదట బీకర్లు, ఫ్లాస్కులు. ఏడాది తిరిగాక ఆమె చేతికి ట్యూబులొచ్చాయి.

ఈ ట్యూబుల సంగతి కాస్త చెప్పాలి. జాన పొడుగు, పెన్సిల్ కన్నా సన్నం, దాని గోడలు కాగితమంత పలుచన. రసాయన శాస్త్రజ్ఞులు తాము తయారుచేసిన పదార్థాన్ని అందులో కరిగించి ఎన్.ఎమ్.ఆర్. అనే పెద్ద అయస్కాంతపు మిషన్లోకి దించుతారు. పదార్థంలో హైడ్రోజన్ పరమాణువులు ఎక్కడెక్కడ కాపురమున్నాయో ఆ మిషను కాగితం మీద గీసి చూపిస్తుంది. ఒక్కో కాపురానికి ఒక్కో శిఖరం. భాగ్యమ్మ ఆ శిఖరాలను గోపురాలంటుంది, ట్యూబులను గాజు పుల్లలంటుంది. లోపల బ్రష్షు పెడితే గీతలు పడతాయి కాబట్టి నీళ్ళతోనే కడగాలి. తర్వాత త్వరగా ఎగిరిపోయే అసిటోన్ పోసి తీయాలి. ఓవెన్లో పడుకోబెట్టి ఆరబెట్టాలి. నిలబెడితే ఆ వేడికి వెంట్రుకవాసి వంగుతాయి. మన కంటికి కనబడదు, మిషనుకు కనబడుతుంది. ఆమె చేతిలో ఏడాది మొత్తం మీద విరిగినవి మూడే. కడిగిన పుల్లల ట్రేని వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసుకునే మురిపెం ఎనిమిదో అంతస్తులో ఆమెకు ఏనాడూ దక్కలేదు.

హైడ్రోజన్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. హైడ్రోజన్‌కు ఒక అన్న ఉన్నాడు. గుణం దాదాపు అదే, బరువు రెట్టింపు. పేరు డ్యుటీరియం. మామూలు హైడ్రోజన్లు ఆరువేల పైచిలుకు ఉన్నచోట ఇతడు ఒక్కడు కనిపిస్తాడు. ఇతడితో ఏర్పడిన నీళ్ళే భారజలం. ఒకసారి మణుగూరు వైపు గోదావరి ఒడ్డున తిరుగుతూ భారజలం కర్మాగారం గోపురాలను దూరం నుంచి చూశాను. ఏటి నీళ్ళలోంచి ఆ ఒక్కడిని ఏరడానికి ఆకాశమెత్తు కట్టడాలు! అణు రియాక్టర్లకు ఆ నీళ్ళు కావాలి. ఎన్.ఎమ్.ఆర్. వాళ్ళకు ఇతడితో ఇంకో పని ఉంది. మామూలు హైడ్రోజన్ కోసం వెతికే ఆ మిషను ముందు ఇతడు నోరు విప్పడు. అందుకే పదార్థాన్ని కరిగించే ద్రావకాల్లో అందరూ ఇతడినే వాడతారు. పెద్దమనుషులు మాట్లాడుకునేచోట మౌనంగా కూర్చునే మనిషి అవసరమే కదా.

ఇక అసలు సంగతి. ఆ లాబ్‌లో రోహిణి అనే అమ్మాయి ఉంది. ఇరవై ఆరేళ్ళు, సిద్దిపేట పిల్ల. భాగ్యమ్మను పెద్దమ్మా అని పిలుస్తుంది. వానాకాలం మొదట్లో ఒకనాడు ఆమె ఒక బుల్లి సీసా మెడ విరిచి, నాలుగు చుక్కలు వాడుకుని, మిగిలింది పారబోయబోయింది.

"ఏందది బిడ్డా?" అంది భాగ్యమ్మ.

"నీళ్ళే పెద్దమ్మా. బరువు నీళ్ళు. మన లాబ్‌ల ఇంతకన్న మంచి నీళ్ళు లేవు."

"మంచియైతె పారబోస్తున్నవేంది?"

"ఒకసారి తెరిస్తే గాలిల తడి గుంజుకుంటది. రేపటికి నాకు పనికిరాదు."

అన్నంత పనీ చేసి రోహిణి వెళ్ళిపోయేదే. భాగ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. బిందె కోసం తెల్లారగట్ల లేచే మనిషి మంచినీళ్ళు సింకులో పోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? ఆ రోజు నుంచి అందరి బరువు నీళ్ళ సీసాల్లో మిగిలింది ఒక గోధుమరంగు బాటిల్లోకి చేర్చింది. గుర్తుకు పసుపు బొట్టు పెట్టింది. ఫ్రిజ్ తలుపులో దాచింది. తర్వాత ఏమైందో మీరు ఊహించే ఉంటారు. గాజు పుల్లలకు ఆఖరు కడుగు ఆ బాటిల్లో నీళ్ళతో మొదలుపెట్టింది. ఇంట్లో గిన్నెలకు మంజీరా, లాబ్‌లో పుల్లలకు బరువు నీళ్ళు. ఆమె లెక్కలో రెండూ ఒకటే మర్యాద.

ఓవెన్ పనిచేసినన్నాళ్ళూ ఏమీ కాలేదు. ఆ వేడికి ఏ నీళ్ళయినా ఎగిరిపోయేవి. ఆషాఢంలో ముసురు పట్టింది. ఓవెన్ పాడయింది. బాగుచేసేవాడు రేపు వస్తాను, ఎల్లుండి వస్తాను అన్నాడు. భాగ్యమ్మ ట్యూబులను తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి ఆరనిచ్చింది. ఆ గాలికి చొక్కాలే ఆరవు, సన్నటి గొట్టం అడుగున ఉన్న చుక్క ఎలా ఆరుతుంది?

సోమవారం నాడు రోహిణి కాగితం మీద ఒక గోపురం మాయమైంది. మూడు నెలలు కష్టపడి చేసిన పదార్థం. అందులో నత్రజనిని పట్టుకుని ఒక హైడ్రోజన్ ఉండాలి, దాని శిఖరం కనబడాలి. అది లేదు. మంగళవారానికి ఇంకో ఇద్దరి పదార్థాల్లో కూడా ఇదే తంతు. ముగ్గురూ కలిసి ఆలోచించి, తప్పు పదార్థాల్లో ఉండదు, ట్యూబుల్లోనే ఉందని తేల్చారు. సబ్బు సరిగా పోవడం లేదన్నారు.

పని మనుషులను పంపే కాంట్రాక్టరు తరఫున ఓంకార్ అనే సూపర్‌వైజర్ ఉంటాడు. ఆ మధ్యాహ్నమే దిగాడు.

"భాగ్యమ్మా, ఏంది నీ పని? సార్లందరు పరేషానైతున్నరు. పుల్లలల్ల సబ్బుంటున్నదట."

"నా పుల్లలల్ల సబ్బా? నేను సబ్బే పెట్టను! నీ కండ్లతోని సూసినవా?"

"నేను సూసుడు గాదు, మిషను సూసింది. సూడు, శుక్రవారం దాంక టైమిస్తున్న. గిట్లనే ఉంటె సోమవారం నుంచి మల్ల ఎనిమిదో ఫ్లోర్‌కు పో. మాపు పట్టుకో. ఈడ వేరే మనిషిని పెడ్త."

ఆ సాయంత్రం బోరు నల్లా దగ్గర ఆమె నాకు ఈ మాట చెప్పేటప్పుడు నవ్వలేదు. "మాపుకు భయం లేదు బాపూ. తొమ్మిదేండ్లు పట్టిన. గని నా చెయ్యి మురికిదన్నరు సూడు, గదే ఓర్సుకుంటలేను."

చేతి మీద పడ్డ మాటను చేత్తోనే చెరిపేయాలనుకుంది. బుధవారం ప్రతి ట్యూబునూ రెండింతలు కడిగింది. ఆఖరు కడుగు మూడుసార్లు. పసుపు బొట్టు బాటిల్ సగానికి దిగింది.

గురువారం గోపురాలు మరిన్ని కూలాయి. అంతకుముందు మసగ్గానైనా కనబడ్డవి కూడా జాడ లేకుండా పోయాయి.

లాబ్‌కు పెద్ద యజ్ఞనారాయణ. రాజమండ్రి వైపు మనిషి, అరవైకి దగ్గరపడ్డాడు, తలకాయ ఊపుతూ వింటాడు తప్ప తొందరపడి ఏదీ అనడు. ఆయన కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి చూసి, లేచి, నేరుగా సింకు దగ్గరికి వచ్చాడు. వెనకాల రోహిణి, ఆమె వెనకాల ఓంకార్.

"భాగ్యమ్మగారూ, మీరు ఎలా కడుగుతారో ఒకసారి నాకు చూపిస్తారా అండీ?"

అడిగినవాడు పెద్దసారు. భాగ్యమ్మ కొంగు బిగించింది. కడిగింది. అసిటోన్ తిప్పింది. ఫ్రిజ్ తెరిచి బాటిల్ తీసింది.

"అదేమిటండీ?"

"మంచినీళ్ళు సారూ. ఆఖరు కడుగుకు."

"మంచినీళ్ళు ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టారు?"

"బయటుంటె గాలిల తడి గుంజుకుంటయంట గద. ఇగో, రోహిణి బిడ్డనే చెప్పింది." ఆమె బాటిల్ ఎత్తి చూపించింది. లోపల సగం గడ్డకట్టి ఉంది. "ఇవి శాన చలువ నీళ్ళు సారూ. పక్కపొంటి ఉన్న తాగే నీళ్ళ బాటిల్ గడ్డకట్టది. ఇది ఒక్కటే కడ్తది."

రోహిణి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "పెద్దమ్మా! అవి బరువు నీళ్ళా?"

"మరి? నువ్వే అన్నవ్ గద, వీటికన్న మంచి నీళ్ళు లేవని!"

యజ్ఞనారాయణ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. మామూలు నీళ్ళు సున్నా దగ్గర గడ్డకడితే భారజలం దాదాపు నాలుగు డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నది రెండు డిగ్రీలు. ఆ బాటిల్ నెల రోజులుగా ఆ తలుపులోంచి నిజం చెబుతూనే ఉంది. తాగేనీళ్ళ కోసం తలుపు తీసిన పీహెచ్‌డీలు ఎవరూ దానివైపు చూడలేదు.

రోహిణి ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. "పెద్దమ్మా, నత్రజని ఇంట్ల హైడ్రోజన్ కిరాయికుంటది అనుకో. సొంతిల్లు గాదు. బరువు నీళ్ళు తగిలితే ఆ కిరాయిదారు ఖాళీ చేస్తడు, బరువోడు వచ్చి దిగుతడు. ఆ బరువోడు మిషనుకు కనవడడు. ఇంకేముంది, గోపురం మాయం."

"అంటె నేనే ఖాళీ చేయించిన్నా?" భాగ్యమ్మ బాటిల్ కింద పెట్టేసింది. "నీ మూడు నెలల కష్టం గంగల కలిపిన్నా బిడ్డా?"

"కలవలేదు. మామూలు నీళ్ళు తగిలితే పాత కిరాయిదారు మళ్ళొస్తడు. జర ఆగు, ఫికర్ చెయ్యకు."

ఓంకార్‌కు మాత్రం ఇదంతా ఒక్క ముక్కగానే వినబడింది. "సార్, ఆమెనే ఒప్పుకున్నది గద. ఇగ సోమవారం నుంచి ఆమెను ఎనిమిదో ఫ్లోర్‌కు పంపి వేరే మనిషిని..."

"ఉండవయ్యా," అన్నాడు యజ్ఞనారాయణ. "నీకొక సంగతి చెబుతాను. ఈ బరువు హైడ్రోజన్‌ని కనిపెట్టింది పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో. న్యూయార్కులో హెరాల్డ్ యూరీ అని ఒకాయన, అలాంటిది ఒకటి ఉండి తీరాలని పట్టుబట్టాడు. వాషింగ్టన్‌లో బ్రిక్‌వెడ్ అనే ఆయన్ను సాయం అడిగాడు. ఆయన నీళ్ళలోంచి కరెంటుతో హైడ్రోజన్ తీసి, దాన్ని ద్రవం చేసి, లీటర్లకు లీటర్లు ఆవిరి చేసి, అడుగున మిగిలిన కాస్తా పంపించాడు. తేలికది ముందు ఎగిరిపోతుంది, బరువుది అడుగున మిగలాలి కదా. చూస్తే ఏమీ మిగల్లేదు. ఎందుకో తెలుసా?"

ఓంకార్ తెలియదన్నట్టు తల ఊపాడు.

"కడిగాడయ్యా! పని మొదలుపెట్టే ముందు హైడ్రోజన్ తీసే తొట్టిని ఊడదీసి, శుభ్రంగా కడిగి, కొత్త నీళ్ళు పోశాడు. పాత తొట్టిలోనే బరువుది పోగుపడి ఉంటుంది. కొత్త నీళ్ళలోంచి ముందు వచ్చేదంతా తేలికదే. శుభ్రం చేయడం వల్లే దొరకాల్సింది దొరకలేదు. కారణం తర్వాతెప్పుడో తెలిసింది. అయినా వాళ్ళు ఊరుకోలేదు. ఇంకా చల్లగా, ఇంకా నెమ్మదిగా ఆవిరి చేశారు. అప్పుడు దొరికింది. యూరీకి నోబెల్ బహుమతి వచ్చింది. అంత కొంప ముంచినా బ్రిక్‌వెడ్‌ను ఎవరూ ఎనిమిదో అంతస్తుకు పంపలేదు."

"గవన్ని గొప్పోళ్ళ ముచ్చట్లు సార్. మా ఆఫీసుల రిపోర్టు రాయాలె."

"రిపోర్టు నేనే రాస్తాను. సోమవారం చూద్దాం."

సోమవారం అనే మాట వినగానే భాగ్యమ్మకు మళ్ళీ మాపు గుర్తొచ్చిందట. ఆ సాయంత్రమే రోహిణి ఒక ట్యూబును మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, అసిటోన్ పోసి, గాలి గొట్టంతో ఆరబెట్టి, పదార్థాన్ని మళ్ళీ మిషన్లో పెట్టింది. భాగ్యమ్మ జడపిన్నులకు అయస్కాంతపు గదిలో ప్రవేశం లేదు కాబట్టి గుమ్మం దగ్గర నేల మీద గీసిన పసుపు గీత బయటే నిలబడింది. లోపలినుంచి కేక వినబడింది. "వచ్చిందే పెద్దమ్మా! గోపురం వచ్చింది!"

గోపురం వచ్చింది. రోహిణి కష్టం దక్కింది. కానీ భాగ్యమ్మ గాజు పుల్లలు ఎవరి చేతికి పోతాయో తేలలేదు.

ఆదివారం బోనాలు. ముసురు కాస్త తెరిపిచ్చింది. మేడ ముందు వేపాకు తోరణాలు కట్టారు, వీధి చివర డప్పులు మోగుతున్నాయి. అలాంటి రోజున భాగ్యమ్మ ఇంట్లో ఎవరొస్తే వాళ్ళకు విస్తరి పడుతుంది. నేనూ పీట వేసుకు కూర్చున్నాను. ఈ డప్పుల మధ్య కూర్చుని ఆ యూరీనే తలుచుకున్నాను. ఆయన ప్రయోగం గట్టిపడ్డది కూడా వాళ్ళ పండుగ రోజేనట, ఇంట్లో భోజనానికి ఆలస్యంగా చేరాడట. పండుగ వంటకు ఆలస్యమైనవాడికి భార్య ఏమని ఉంటుందో నేను చదివిన చోట రాయలేదు. భాగ్యమ్మయితే ఏమంటుందో నాకు తెలుసు. ట్యాంకరు తిప్పి ఆలస్యంగా వచ్చిన చంద్రయ్యకు అప్పుడే అది పడుతోంది.

ఇంతలో రోహిణి వచ్చింది. భుజానికి సంచి, చేతిలో థర్మాస్ ఫ్లాస్కు.

"కూసో బిడ్డా, ముందు తిను," అంది భాగ్యమ్మ. పుల్లల సంగతి అడగకుండా విస్తరి వేసింది.

"తింట. ముందు రెండు గ్లాసులల్ల సల్లటి నీళ్ళు తే."

రోహిణి ఒక గ్లాసులో మామూలు ఐసుముక్క వేసింది. తేలింది. ఫ్లాస్కులోంచి చిన్న ముక్కొకటి తీసి రెండో గ్లాసులో వేసింది. అది బుడుంగున మునిగి అడుగున కూర్చుంది.

చంద్రయ్య వంగి చూశాడు. "రాయా?"

"రాయి గాదు మామా, ఐసే. మీ ఇంటామె దాచిన బరువు నీళ్ళు. యజ్ఞనారాయణ సారు గడ్డకట్టించి పంపిండు."

భాగ్యమ్మ గ్లాసును ట్యూబుల ట్రే ఎత్తినట్టే వెలుగుకు ఎత్తింది. చాలాసేపు చూసింది. మేడలోని ఆడవాళ్ళందరినీ కేకేసి పిలిచింది. "సూడుండ్రి, ఐసు మునిగింది!" చంద్రయ్య తాగి చూస్తానంటే చెయ్యి మీద ఒకటేసింది.

అప్పుడు నేనూ నా వంతు చెప్పాను. ఈ బరువోడు విశ్వం పుట్టిన మొదటి నిమిషాల్లోనే పుట్టాడని, ధ్రువాల మంచులో ఇతడి వాటా ఎంతో చూసి వేల ఏళ్ళ కిందటి చలీ ఎండా లెక్కగడతారని, ఇప్పుడు కొన్ని మందుల్లో కూడా ఇతడిని కూర్చోబెడుతున్నారని. ఆమె వింటూనే విస్తరిలో ఇంకో గరిటె వేసింది. "మన మంజీరా బిందెలో కూడా ఇతడున్న నీళ్ళు ఓ చెంచాడుంటాయి," అన్నాక మాత్రం గరిటె ఆగింది.

"రోజు తాగుతున్నమా?"

"రోజూ."

"మరి అందరి బిందెలల్ల ఉన్నోని కోసం నా ఒక్కదాని మీద పడ్డరేంది!"

రోహిణి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే సంచిలోంచి ఒక తెల్ల అట్టముక్క, లావు పెన్ను తీసింది.

"ఇగ చెప్పు పెద్దమ్మా."

"ఏం చెప్పాలె?"

"పుల్లలు ఎట్ల కడగాలెనో మొదటికెల్లి చెప్పు, రాస్త. సింకు మీద గోడకు పెట్టాలె. కొత్తగా వచ్చే పిల్లలు నీ దగ్గర నేర్చుకుంటరని సారు అన్నడు. రిపోర్టుల గదే రాసిండు. ఓంకార్ సంతకం పెట్టిండు, మొఖం జర మాడ్చుకునే పెట్టిండనుకో."

భాగ్యమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. కొంగుతో ముఖం ఒకసారి తుడుచుకుంది. తర్వాత పీట జరుపుకుని, పంతులమ్మలాగా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"రాయి. బ్రష్షు పెట్టొద్దు. రాసినవా? సబ్బు పెట్టొద్దు. పెద్దగ రాయి, ఓంకార్‌కు కనవడాలె. నిలవెట్టి ఆరవెట్టొద్దు, పండవెట్టాలె."

"రాసిన. ఆఖరు కడుగు?"

భాగ్యమ్మ అడుగున కూర్చున్న ఐసుముక్క వైపు చూసింది. అప్పటికది కరిగి గోరంతయింది.

"ఆఖరు కడుగు మామూలు నీళ్ళు," అంది. అట్టముక్క పై అంచున వేలు పెట్టింది. "గని ముందుగాల ఓవెన్ బాగుచేయించుండ్రి. గది అన్నిటికన్న పైన రాయి."